ఇంజిన్‌లో మనిషేడీ?

పక్క క్వార్టర్లో పిల్లలు టీవీ పెట్టారు. మా రైల్వే క్వార్టర్ల గోడలు ఎంత పల్చన అంటే, అటువైపు తాలింపు వేస్తే ఇటువైపు తుమ్ములొస్తాయి. డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, పప్పన్నం కలుపుకుంటున్నాను. గోడ అవతల బాకా మోగింది, దాని వెనకే డోలు. నీల్‌పంఖ్ అనే బొమ్మల హీరో పాట అది. సీరియల్ కాదు, సినిమా అని రెండో వరసకే తెలిసిపోయింది. ఇంకాసేపటికి అందులో ఒక రైలు వస్తుంది, అసలు హారన్‌తో ఏ పోలికా లేని బొమ్మల హారన్ ఒకటి కొడుతుంది. అది వచ్చేదాకా కంచంలో చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చున్నాను. వచ్చింది. అప్పలనాయుడు బాబాయి పోయి ఏడాది దాటింది. ఇలా అన్నం ముందు కూర్చోబెట్టి ఏడిపిస్తున్నందుకు ముందు ఆయన మీద కోపమే వచ్చింది.

ఆయన్ని చూడనివాళ్ళకు ముందు ఆయన పనేమిటో చెప్పాలి. ఆయన బొగ్గు బండ్లు నడిపే లోకో పైలట్. మా ఇళ్ళల్లో ఇప్పటికీ డ్రైవరనే అంటాం. నేను ఆయన అసిస్టెంటుని. వాళ్ళ తాతా మా తాతా విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి బిలాస్‌పూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. అందుకని ఆయన నాకు బాబాయి. ఇంజిన్ మీద కూడా నేను బాబాయి అనే అనేదాన్ని. ఆయన మాత్రం కింద ఉన్నంతసేపూ నన్ను ‘గుంటా’ అని, అంటే పిల్లా అని, ఇంజిన్ ఎక్కగానే ‘రోహిణీ’ అని పిలిచేవాడు. డ్యూటీలో చుట్టరికాలు కుదరవని ఆయన ఉద్దేశం. టిఫిన్ క్యారియర్లోంచి తన వంకాయ కూరంతా నా మూతలో వేసేటప్పుడు ఆ ఉద్దేశం గుర్తుండేది కాదు.

మా పనిలో ఒక ఆచారం ఉంది. ముందు సిగ్నల్ కనబడగానే అసిస్టెంట్ చెయ్యి చాపి దాని రంగు పైకి చెప్పాలి. డ్రైవరు కూడా చెయ్యి చాపి అదే రంగు తిరిగి చెప్పాలి. సిగ్నల్ ఇద్దరికీ కనబడుతూనే ఉంటుంది, అయినా చెప్పాలి. కొందరు దీన్ని మొక్కుబడిగా గొణిగేసి ఊరుకుంటారు. బాబాయి దగ్గర గొణుగుడు చెల్లేది కాదు. మొదటి రోజు నేను సిగ్గుపడుతూ ‘గ్రీన్’ అంటే, “ఎవుడికి సెప్తన్నావు? నీ సొక్కా బొత్తాలకేటి? నాకు సెప్పు. నాను నిద్దరోతన్నానని అనుకుని సెప్పు” అన్నాడు. సిర్గిట్టి ఊరు దాటేసరికి నా గొంతు బొంగురుపోయింది. వారం తిరిగేసరికి ఇంట్లో కూడా అరిచే మాట్లాడుతున్నానని అమ్మ విసుక్కుంది. ఆ అరుపంటే నాకు గర్వంగా ఉండేది. ఇంజిన్ ఎక్కాలని చిన్నప్పటి నుంచీ పిచ్చి నాకు. ఎక్కడానికి ఇంట్లో నేను చేసిన పోట్లాట తక్కువది కాదు.

సిగ్నల్ కేకల తర్వాత ఆయన రెండో పిచ్చి నీల్‌పంఖ్. నీలం రెక్కలు, ముఖానికి ముసుగు, ఎగరడం, విలన్లని కొట్టడం; చిన్నపిల్లల బొమ్మల సీరియల్. డ్యూటీ మధ్యలో మేము పడుకునే రన్నింగ్ రూమ్‌లో టీవీ రిమోట్ పాడై, పిల్లల చానెల్ దగ్గర ఇరుక్కుపోయిందట. మిగతా డ్రైవర్లు తిట్టుకుంటూ పడుకుంటే ఈయన కూర్చుని చూశాడట. కథ అలా మొదలైందని అందరూ చెప్పుకుని నవ్వుకునేవారు, ఆయనా నవ్వేవాడు. క్యారియర్ మూత మీద నీల్‌పంఖ్ స్టిక్కర్ ఉండేది. మీసానికి రంగేసుకునే మనిషి, పెళ్ళయిన కూతురున్న మనిషి, బండి లూప్ లైన్లో నిలిచిపోయినప్పుడల్లా నాకు నిన్నటి భాగం కథ చెప్పేవాడు. “నిన్న మళ్ళీ ఓడిపోనాడమ్మా. ఆళ్ళమ్మ సేత తిట్లు తిన్నాడు” అని మురిసిపోయేవాడు. గెలిచిన రోజు కథ చెప్పడంలో అంత ఉత్సాహం ఉండేది కాదు. అప్పట్లో నాకది వింతగా తోచింది, కారణం అడగాలనిపించలేదు.

లాల్‌ఖదాన్ దగ్గర, ఎండ బాగా ఉన్న వేళ, పట్టాల మధ్య ఒక మనిషి మాకు వీపు పెట్టి నడుస్తున్నాడు. చెవుల్లో పాటలు పెట్టుకున్నాడని తర్వాత చెప్పారు. నేను హారన్ నొక్కి పట్టాను. బాబాయి ఎమర్జెన్సీ బ్రేక్ వేశాడు. నిండు బొగ్గు బండి ఎంత దూరం పోయి ఆగుతుందో మా ఇద్దరికీ తెలుసు. చేయవలసినవన్నీ చేశాం, వేళకే చేశాం, విచారణలోనూ అదే తేలింది. ఆ మనిషి వెనక్కి తిరగలేదు. దీని గురించి ఇంతకు మించి రాయను.

ఆ ప్రమాదం తర్వాత ఇచ్చిన సెలవు అయ్యాక డ్యూటీకి వెళ్ళాను. బాగానే ఉన్నాననుకున్నాను. ఇంజిన్ అంతా చూసి, సీట్లో కూర్చుని, నీళ్ళ సీసా పక్కన పెట్టుకున్నాను. యార్డ్ చివర, బండిని బయలుదేరమనే స్టార్టర్ సిగ్నల్ పచ్చబడింది. చెయ్యి చాపాను. నోరు తెరిచాను. గొంతులోంచి ఏమీ రాలేదు. గాలి కూడా రాలేదు. మళ్ళీ ప్రయత్నించాను. బాబాయి చెయ్యి హ్యాండిల్ మీద ఉంది. కళ్ళ ముందు గ్రీన్ వెలుగుతోంది, వాకీటాకీలో వెనక నుంచి గార్డు ‘ఏమైంది, ఏమైంది’ అంటున్నాడు, వెనక బండ్లు ఆగిపోతున్నాయి. ఆయన ఒక్కసారి కూడా నన్ను తొందరపెట్టలేదు. బండినీ కదపలేదు. చివరికి వాకీటాకీ తీసి, “అసిస్టెంట్‌కి ఒంట్లో బాగోలేదు, మరొకర్ని పంపండి” అని హిందీలో చెప్పాడు. దిగుతుంటే నా సంచీ ఆయనే అందించాడు. కింద నిలబడి, నేను లేకుండా ఆ బండి వెళ్ళిపోవడం చూశాను. అంత అవమానం, అంత భయం నాకు ముందెప్పుడూ కలగలేదు.

మా నాన్న రిటైరైన గార్డు. ఆయనకు తెలిసినవాళ్ళతో అప్పటికే మాట్లాడి వచ్చాడు. “ఆఫీసులో కుర్సీ ఇస్తారట. సోమవారం పొద్దున్న ఎల్లి ఊఁ అంటే సాలు. ఇక సాలమ్మా ఈ ఇంజినూ గింజినూ” అన్నాడు. నాన్న మీద కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక లేదు. ఊఁ అనేద్దామనే ఉంది. ఒకసారి ఇంజిన్ దిగి కుర్చీలో కూర్చున్నవాళ్ళెవరూ మళ్ళీ ఎక్కడం నేను చూడలేదు, అది నాన్నకూ తెలుసు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు స్నానాల గదిలో తలుపేసుకుని ‘గ్రీన్’ అని చూసేదాన్ని. మామూలు మాటలన్నీ వచ్చేవి. అదొక్కటీ వచ్చేది కాదు.

ఆదివారం పొద్దున బాబాయి మా గుమ్మంలో నిలబడ్డాడు. పెళ్ళికి వెళ్తున్నట్టు తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని, మీసానికి కొత్తగా రంగేసుకుని ఉన్నాడు.

“గుంటా, లెగు. నీల్‌పంఖ్ గాడి సినిమా వొచ్చీసినాది. మాల్‌లో పదకొండింటి ఆట.”

“నాకు మూడ్ లేదు బాబాయ్.”

“నీ మూడెవుడికి కావాలి? పిల్లల్లేకుండా ఒక్కణ్ణీ ఎల్తే టికెట్‌వోడు అదోలా సూస్తన్నాడు. నాకు తోడు కావాలి. చలో.”

అది నిజమే అయ్యుంటుంది. ఆయన నన్ను బాగుచేయడానికి తీసుకెళ్ళాడని తర్వాత చాలామంది అన్నారు. ఆయనకంత తెలివి ఉందని నేననుకోను. సినిమా మొదటి రోజే చూడలేకపోయానని ఆటోలో ఎక్కినప్పటి నుంచి దిగేదాకా గొణుగుతూనే ఉన్నాడు.

హాలంతా చిన్నపిల్లలూ వాళ్ళ పాప్‌కార్న్ గింజలూ. బాబాయి పాట మొదలవగానే చేతులు కట్టుకుని సర్దుకుని కూర్చున్నాడు, ఆ తర్వాత పదే పదే కదలడం మొదలుపెట్టాడు. ముందు గొంతు దగ్గర గొడవ వచ్చింది. “ఏటిది, గొంతు మార్సీసినారు! ఎవుడో సబ్బు యాడ్‌లో మాట్లాడినట్టున్నాడు.” రెక్కల రంగు ఊదాకు తిరిగిందన్నాడు. ప్రతి దెబ్బకీ ఒక జోకు ఎందుకన్నాడు. అన్నిటికంటే పెద్ద గొడవ, వాళ్ళమ్మ లేదు. సినిమాలో నీల్‌పంఖ్‌కి తల్లి పాత్రే తీసేసి ఒక స్నేహితురాలిని పెట్టారు. “అమ్మ నేకపోతే ఈణ్ణి ఎవుడు తిడతాడమ్మా?” అని నన్నే నిలదీశాడు, నేను తీసినట్టు. ముందు వరుసలో ఒకావిడ వెనక్కి తిరిగి ‘భయ్యా’ అంది. అంతలో నీల్‌పంఖ్ మబ్బుల్లోంచి నగరం మీదికి దిగే ఘట్టం వచ్చింది. అది మాత్రం ఎంత బాగా తీశారో. పక్కకి చూస్తే బాబాయి కాళ్ళు రెండూ నేల మీద లేవు, గాలిలోకి ఎత్తి పట్టుకుని ఉన్నాడు.

అప్పుడు రైలొచ్చింది. నాకెవరూ చెప్పలేదు అందులో రైలుంటుందని. పట్టాల మీద ఒక పిల్లవాడు బంతి కోసం వంగి ఉన్నాడు. రైలు మలుపు తిరిగింది. లేచి వెళ్ళిపోదామని సీటు చేతులు పట్టుకున్నాను, లేవలేదు. బాబాయి వైపు చూసే ధైర్యం లేదు. తెర మీద ఆ రైలు పెద్దదవుతూ, పెద్దదవుతూ వస్తోంది. ఒక మూలగా, గీసినవాళ్ళు తోచక గీసినట్టు, ఒక సిగ్నల్ స్తంభం దాటిపోయింది. దాని మీద ఎర్ర దీపం.

“రెడ్!” అని పక్క నుంచి కేక. బాబాయి చెయ్యి తెర వైపు చాపి ఉంది.

“రెడ్!”

రెండో గొంతు నాదే. నా చెయ్యి కూడా చాపి ఉంది. హాలు గొల్లుమంది. ఒక పిల్లాడు సీటు మీద నిలబడి మమ్మల్ని చూశాడు. తెర మీద నీల్‌పంఖ్ రైలుకి ఎదురు నిలబడి అరచేత్తో దాన్ని ఆపేశాడు. పిల్లవాడు బంతి తీసుకుని నవ్వాడు. హాలంతా చప్పట్లు. బాబాయి కూడా కొట్టాడు, అందరికంటే గట్టిగా, ఆపకుండా కొట్టాడు. ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. నేను చప్పట్లు కొట్టలేదు. ఆ నీలం రెక్కలవాడంటే నాకు అసహ్యం వేసింది. అంత సులువుగా ఆపినందుకు వాణ్ణి కొట్టాలనిపించింది.

బయటికి వచ్చి రోడ్డు పక్క చాయ్ బండి దగ్గర నిలబడ్డాం. ఆయన సమోసా తుంచి చట్నీలో ముంచి, తినకుండా పట్టుకున్నాడు.

“బాగుంది” అన్నాడు. “మబ్బుల కాడ బాగుంది. గుంటడు బతికినాడు, అదీ బాగుంది. నాను సప్పట్లు కొట్టాను, అబద్ధవేటి?” ఆ ముక్కని మళ్ళీ చట్నీలో ముంచి, “ఇంజిన్‌లో మనిషేడీ?” అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

“నువ్వు సూణ్ణేదా? అద్దాలు నల్లగా గీసి వొగ్గేసినారు. లోపల ఎవుడూ నేడు. అంత పెద్ద బండి ఎవుడు తోల్తన్నాడు? ఆడు బ్రేకు ఎయ్యనేదా? హారన్ కొట్టనేదా? నీల్‌పంఖ్ గాడు ఆపీసినాడు సరే. ఆ డ్రైవరు ఆ రోజు ఇంటికెల్లి అన్నం తిన్నాడా నేదా? ఒక్క బొమ్మ, ఒక్క ముఖం గియ్యడానికి ఏటి కష్టం ఆళ్ళకి?”

అంత కోపంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. చాయ్ బండి అతను కూడా గరిటె ఆపి చూశాడు. ఆయన గొంతు తగ్గించి, తన మొదటిసారి గురించి చెప్పాడు. ఆయన బండి కింద మొదటిసారి ఒక మనిషి పోయిన రోజున, రన్నింగ్ రూమ్‌లో అన్నం ముట్టకుండా కూర్చుంటే, ఇరుక్కుపోయిన ఆ టీవీలో నీల్‌పంఖ్ ఒక వంతెన కూలకుండా ఆపలేకపోయాడట. ఇంటి కప్పు మీద కూర్చుని ఏడుస్తుంటే వాళ్ళమ్మ పైకి వచ్చి, తిట్టి, కలిపిన అన్నం నోట్లో పెట్టిందట. “అది సూసి నేచి ఎల్లి, నానూ తిన్నాను” అన్నాడు. అందరం చెప్పుకుని నవ్వుకున్న కథ అసలు ఇది.

నేను నవ్వలేదు, ఏడవలేదు. లోపల పేరుకున్నదంతా ఒకే మాటగా వచ్చింది. “ఉంటే మాత్రం ఏం చేస్తాడు బాబాయ్ ఆ డ్రైవరు? మనం ఉన్నాం కదా. ఏం చేయగలిగాం? ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.”

ఆయన సమోసా నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలాడు.

“అచ్ఛా. అయితే మరి రెడ్ అని ఎందుకరిసినావు?”

ఆయన జవాబు కోసం ఆగలేదు. రెండో సమోసా నాకిచ్చి, ఆటో పిలిచాడు. దారిలో మళ్ళీ ఊదా రంగు రెక్కల గురించే తిట్టాడు.

సోమవారం పొద్దున యూనిఫాం వేసుకుని బయటికి వస్తే నాన్న కాఫీ గ్లాసుతో గుమ్మంలో ఉన్నాడు. “ఊఁ అనేసి వొచ్చేస్తావా?” అన్నాడు. “డ్యూటీకి వెళ్తున్నాను నాన్నా” అన్నాను. ఆయన పక్కకు జరగడానికి చాలాసేపు పట్టింది.

యార్డ్‌లో స్టార్టర్ పచ్చబడింది. బాబాయి నా వైపు చూడలేదు. నేను చెయ్యి చాపి, “స్టార్టర్, గ్రీన్” అన్నాను. గొంతు వణికింది, చీలింది, కానీ వచ్చింది. ఆయన చెయ్యి చాపి “గ్రీన్” అన్నాడు. బండి కదిలింది. నేను సంతోషపడ్డానని అనుకుంటారేమో. లేదు. లాల్‌ఖదాన్ వస్తోంది, హారన్ మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. అక్కడ ముందు సిగ్నల్ డబల్ ఎల్లో, పిలిచాను, ఆయన బదులిచ్చాడు, వేగం తగ్గించాడు. అప్పుడు కనబడ్డాడు. సైకిల్ తోసుకుంటూ పట్టాలు దాటుతున్న మనిషి. వెనక చక్రం ఎక్కడో ఇరుక్కుంది. లాగుతున్నాడు. మమ్మల్ని చూస్తూనే లాగుతున్నాడు.

హారన్ నొక్కి పట్టాను. బాబాయి బ్రేక్ వేశాడు. “వొదిలీరా, వొదిలీరా” అని ఆయన అంటున్నాడు, ఆ మనిషికి వినబడదు. నేను కళ్ళు మూయలేదు. చూపంతా ఆ సైకిల్ పట్టుకున్న చేతుల మీదే ఉంది. అవి వదల్లేదు, వదల్లేదు, ఇంజిన్ ముక్కు కింద ఆ మనిషి కనబడకుండా పోయాడు. టంగుమని చప్పుడు. ఇంకొంత దూరం ఈడ్చుకుంటూ వెళ్ళి బండి ఆగింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

దిగి చూడడం అసిస్టెంట్ పని. వాకీటాకీ పట్టుకుని దిగాను. రెండు చక్రాలు ముద్దయిపోయి కనబడ్డాయి. ఇంకా వెనక్కి నడవాలి. చూడకూడదు అనుకుంటూనే పట్టాల కిందికి చూస్తూ నడిచాను. అప్పుడు గట్టు మీది నుంచి ఒక కేక వచ్చింది.

“మోర్ సైకిల్! మోర్ సైకిల్ లా టోర్ దేవ్!”

నా సైకిల్ విరగ్గొట్టేశారంటున్నాడు. చివరి క్షణంలో పక్కకి దూకినట్టున్నాడు, మోచేయి గీసుకుపోయి, ఒంటినిండా దుమ్ముతో, ఒక చెప్పు లేకుండా నా మీదికి వస్తున్నాడు. కళ్ళు దొబ్బాయా అన్నాడు. ఆడదానికి బండి ఎవడిచ్చాడన్నాడు. ఆ తర్వాత అన్నవి రాయడానికి కుదరవు. నేను నిలబడి వింటున్నాను. కళ్ళ నీళ్ళకి అతని ముఖం సరిగ్గా కనబడడం లేదు. జీవితంలో ఎవరూ నాకంత మంచి మాటలు చెప్పలేదనిపించింది.

వాకీటాకీ గరగరలాడింది. “రోహిణీ. ఏటయ్యింది? సెప్పు.” ఆయన గొంతు ఆయనది కాదు.

“తిడుతున్నాడు బాబాయ్.”

“ఎవుడు?”

“సైకిలాయన. నన్నూ, నిన్నూ, మన ఇద్దరి ఇంట్లోవాళ్ళనీ.”

ఆ మనిషి ఆగకుండా తిడుతూనే ఉన్నాడు.

“అది ఆడికి దగ్గిరగా ఎట్టమ్మా” అన్నాడు బాబాయి. “నానూ ఇంతాను.”

బటన్ నొక్కి పట్టి, చెయ్యి చాపి, ఆ మనిషి నోటి దగ్గర పెట్టాను. అతను ఒక్క క్షణం తికమకపడి, మళ్ళీ మొదలుపెట్టాడు.

ఇప్పుడు నేనే డ్రైవర్ని. నా పక్క సీట్లోకి కొత్త అసిస్టెంట్లు వస్తుంటారు, పోతుంటారు. గేట్ల దగ్గర, పట్టాల పక్కన, హారన్‌కి ఉలిక్కిపడి తప్పుకున్నవాళ్ళు పిడికిలి ఎత్తి నా మీద అరుస్తూనే ఉంటారు. “అద్దం వేసేద్దాం మేడమ్, ఎందుకు వినడం” అంటారు అసిస్టెంట్లు. వద్దంటాను. ఆ అరుపు వెనకపడి వినబడకుండా పోయేదాకా తల కిటికీ బయటే ఉంచుతాను.